తెలుగు రాజకుటుంబాల వియ్యాలు, వారసత్వ వివాదాలు: ఇరవయ్యో శతాబ్దం

ఇరవయ్యో శతాబ్దంలో తెలుగు నేలను ఏలిన రాజకుటుంబాల్లోనూ పెద్ద జమీందారీ వంశాల్లోనూ పెళ్ళి, దత్తత, వారసత్వం మూడూ ఒకే ముడిగా ఉండేవి. విజయనగరం పూసపాటి వారు, బొబ్బిలి రాజులు, వెంకటగిరి వెలుగోటి వారు, పిఠాపురం రావు వారు, హైదరాబాదు అసఫ్ జాహీలు ఈ చరిత్రలో ముఖ్యులు. వీరిలో హైదరాబాదు నిజాం ఒక్కరే సంస్థానాధిపతి. మిగిలినవారు మద్రాసు ప్రభుత్వానికి పేష్కష్ కట్టే జమీందారులు. అయినా ఊళ్ళ జనానికి వారే రాజులు, వారి ఇల్లే దివాణం.

ఆ దివాణాల్లో రేగిన తగవులు కొన్ని లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళి హిందూ ధర్మశాస్త్రంలో నిలిచిపోయే తీర్పులయ్యాయి. ఒకటి మాత్రం ఇరవై ఒకటో శతాబ్దంలోనూ సాగి, విశాఖపట్నం గోపాలపట్నం పక్కనే ఉన్న సింహాచలం కొండ మీద ధర్మకర్త పీఠం ఎవరిదన్న ప్రశ్నగా మారింది.

యూరప్ రాజకుటుంబాలతో పోల్చి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. అక్కడ సంక్షోభం ఎక్కువగా 'ఎవరిని పెళ్ళాడాలి' అన్న చోట పుట్టింది. 1900లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ తన అంతస్తుకు తగదన్న సోఫీ చోటెక్‌ను చేసుకోవడానికి, పుట్టబోయే పిల్లలకు సింహాసనం మీద హక్కు ఉండదని ప్రమాణం చేయాల్సి వచ్చింది. 1936లో బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ వాలిస్ సింప్సన్ కోసం గద్దెనే వదులుకున్నాడు. తెలుగు దివాణాల్లో చిక్కు ప్రశ్న 'కొడుకు ఎవరు' అన్నది. పెళ్ళి అయిపోయాక, సంతానం కలగనప్పుడో ఆలస్యంగా కలిగినప్పుడో అసలు పోరు మొదలయ్యేది.

అవిభాజ్య జమీ

మామూలు హిందూ కుటుంబంలో తండ్రి ఆస్తిలో కొడుకులందరికీ భాగం ఉంటుంది. పెద్ద జమీందారీల సంగతి వేరు. జమీ పంచడానికి వీల్లేనిది. పెద్ద కొడుక్కి గద్దె, తమ్ముళ్ళకు భరణం. భరణం ఎంత, ఎన్ని తరాల దాకా అన్నది ఆనవాయితీని బట్టి, అన్నగారి మనసును బట్టి ఉండేది. ఆడపిల్లలకు పెళ్ళినాటి పసుపు కుంకుమలే గాని జమీలో వాటా లేదు.

ఈ పద్ధతి వల్ల రాజ్యం ముక్కలు కాకుండా నిలిచింది. అదే పద్ధతి ఇంట్లో అసూయకు విత్తనం కూడా అయింది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరు రాజు, రెండోవారు నెలకింతని జీతం అందుకునే మనిషి. రాజుకు ఒకరికి మించి రాణులుంటే ఎవరి కొడుకు ముందు పుట్టాడన్నది మరో వివాదం. మైనరు వారసుడు గద్దె ఎక్కితే ప్రభుత్వం కోర్ట్ ఆఫ్ వార్డ్స్ ద్వారా ఎస్టేటును తన చేతికి తీసుకునేది. అప్పుడు బాలుడి చదువు సంధ్యల మీద కూడా కలెక్టరుగారి మాట చెల్లేది.

జమీందారు తన ఎస్టేటును అమ్మవచ్చా, వీలునామా రాసి ఇష్టమైనవారికి ఇవ్వవచ్చా అన్నదాని మీద పందొమ్మిదో శతాబ్దం చివర ప్రీవీ కౌన్సిల్ తీర్పులు వచ్చాయి. యజమానికి ఆ స్వేచ్ఛ ఉందని అవి తేల్చాయి. వంశాలే చెదిరిపోతాయన్న ఆందోళన పుట్టి, 1904లో మద్రాసు అవిభాజ్య ఎస్టేట్ల చట్టం వచ్చింది. పేరుపేరునా జాబితాకెక్కించిన ఎస్టేట్లను జమీందారు తన ఇష్టానికి పరాధీనం చేయకుండా ఆ చట్టం కట్టడి చేసింది. ఆ జాగ్రత్తకు దారితీసిన తీర్పుల్లో ఒకటి పిఠాపురానిది.

ఒకే ఇంటి బిడ్డలు, నాలుగు గద్దెలు

పందొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో సాక్స్ కోబర్గ్ అనే చిన్న జర్మన్ వంశం బెల్జియానికి రాజును, పోర్చుగల్, బ్రిటన్ రాజగృహాలకు వరుళ్ళను పంపి ఖండమంతా అల్లుకుంది. తెలుగునాట అలాంటి పాత్ర నెల్లూరు సీమలోని వెంకటగిరిది. అయితే వెంకటగిరి పంపింది అల్లుళ్ళను కాదు, దత్తపుత్రులను.

వెంకటగిరి రాజా సర్వజ్ఞ కుమార యాచేంద్రకు పలువురు కుమారులు. పెద్దవారికి వెంకటగిరి గద్దె దక్కింది. మూడో కుమారుడు శ్వేతాచలపతిని 1871లో బొబ్బిలి రాణి లక్ష్మీ చెల్లాయమ్మ దత్తత తీసుకుంది. మరో కుమారుడు రామకృష్ణ 1873లో పిఠాపురానికి దత్తత వెళ్ళాడు. ఇంకొకరు కృష్ణకు ఆవల, నిజాం రాజ్యంలోని జటప్రోలు సంస్థానానికి వెళ్ళి సురభి వెంకట లక్ష్మారావు అయ్యాడు. వీరంతా వెలమ దొరలే. కులం ఒకటే, ఆచారం ఒకటే, బంధుత్వాలు ముందునుంచీ ఉన్నవే. వారసుడు లేని ఇంటికి ఒక కొడుకు దొరికాడు. భరణం తప్ప దిక్కులేని చిన్న కొడుక్కి ఒక గద్దె దొరికింది. ఇద్దరి అవసరమూ ఒకే దత్తహోమంలో తీరింది.

దత్తత వెళ్ళిన బిడ్డకు పుట్టింటి గోత్రం, ఆస్తి హక్కు పోతాయి. అయినా మనుషుల మధ్య బంధం పోదు. శ్వేతాచలపతి రంగారావు మనుమడు రామకృష్ణ రంగారావు 1932లో జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యాడు. 1937లో బొబ్బిలి నియోజకవర్గంలోనే వి.వి.గిరి చేతిలో ఓడిపోయాడు. ఆ కాలపు మద్రాసు రాజకీయాల్లో వెంకటగిరి, బొబ్బిలి, పిఠాపురం పేర్లు తరచూ కలిసి వినపడడానికి వెనక ఈ దత్తతల అల్లిక ఉంది.

ఈ అల్లికలోకి విజయనగరం రాలేదు. 1757 బొబ్బిలి యుద్ధం నాటి నెత్తురు ఒక కారణం. అంతకంటె గట్టి అడ్డు కులం. పూసపాటి వారు క్షత్రియులు, బొబ్బిలి వారు వెలమలు. యూరప్‌లో యుద్ధం ముగిశాక ఓడినవారి పిల్లను గెలిచినవారు కోడలిగా తెచ్చుకుని పగను చల్లార్చుకున్న సందర్భాలు ఎన్నో. ఇక్కడ ఆ దారి మూసుకునే ఉంది.

పిఠాపురం దావా

పిఠాపురం రాజా గంగాధర రామారావు వెంకటగిరి బాలుణ్ణి దత్తత తీసుకున్న పన్నెండేళ్ళకు, 1885 అక్టోబరు 5న, ఆ ఇంట సొంత కొడుకు పుట్టాడు. పేరు సూర్యారావు. 1890లో రాజా మరణించాడు. జమీ అంతా ఔరస పుత్రుడికే చెందాలని వీలునామా రాసి వెళ్ళాడు. పన్నెండేళ్ళు ఆ ఇంటి యువరాజుగా పెరిగిన రామకృష్ణకు అది నెత్తిన పడ్డ పిడుగు. ఆయన కోర్టుకెక్కాడు. బాలుడు సూర్యారావు పక్షాన కోర్ట్ ఆఫ్ వార్డ్స్ నిలిచింది.

దావా లండన్ దాకా సాగింది. 1899లో ప్రీవీ కౌన్సిల్ వీలునామా చెల్లుతుందని తేల్చింది. దత్తపుత్రుడు ఓడిపోయాడు. న్యాయవాదులు 'మొదటి పిఠాపురం కేసు' అని పిలిచే తీర్పు ఇదే. తర్వాతి తరంలో ఆ దత్తపుత్రుడి కుమారుడు కనీసం భరణమైనా ఇప్పించమని మళ్ళీ దావా వేశాడు. 1918లో అదీ ఓడింది. అవిభాజ్య జమీలో పుట్టుకతో వచ్చే ఉమ్మడి హక్కు లేదు కాబట్టి, మనుమడి వరుసవాడు భరణం కోరలేడన్నది ఆ తీర్పు సారం. దత్తహోమం నాడు ఇచ్చిన మాట, పుట్టింటి హక్కును తెంచింది, పెంచిన ఇంటి హక్కును నిలపలేకపోయింది.

దావాలో గెలిచిన పసివాడు పెరిగి పెద్దవాడై పిఠాపురం మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు అయ్యాడు. గురువు రఘుపతి వేంకటరత్నం నాయుడి ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు, స్త్రీ విద్య వైపు, సంస్కరణ వైపు మొగ్గాడు. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆయన పోషణలో వెలువడింది. తెలుగు రాజకుటుంబాల్లో ఆ శతాబ్దపు అతి పెద్ద పెళ్ళి సంచలనం ఆయన కుమార్తె చుట్టూనే నడిచింది.

సీతాదేవి: పిఠాపురం నుంచి మాంటి కార్లో

సూర్యారావు కుమార్తె సీతాదేవి 1917లో మద్రాసులో పుట్టింది. వుయ్యూరు జమీందారు అప్పారావుతో పెళ్ళయింది, పిల్లలు కలిగారు. 1943లో మద్రాసు గుర్రప్పందాల్లో బరోడా మహారాజు ప్రతాప్ సింగ్ గైక్వాడ్ ఆమెను చూశాడు. ఆయనకూ అప్పటికే పెళ్ళయింది. ఇద్దరూ పెళ్ళి చేసుకోవాలనుకున్నారు.

అడ్డు చట్టం. అప్పటి హిందూ వివాహానికి విడాకులు లేవు. సీతాదేవి ఇస్లాం స్వీకరించి, భర్త మతం మారలేదు కాబట్టి పాత వివాహం రద్దయిందని కోర్టు ద్వారా తేల్పించుకుంది. తరువాత మళ్ళీ హిందువై బరోడా మహారాజును పెళ్ళాడింది. బరోడాలో ప్రతాప్ సింగ్ తాతగారు మూడో శాయాజీరావు కాలం నుంచే ఏకపత్నీ నియమానికి చట్టం ఉంది. ఆ చట్టం ప్రజలకే గాని రాజుకు కాదని మహారాజు వాదించాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు 'హర్ హైనెస్' గౌరవం ఇవ్వలేదు. కొన్నేళ్ళ క్రితమే ఇదే ప్రభుత్వం విండ్సర్ డచెస్ అయిన వాలిస్ సింప్సన్‌కు ఆ గౌరవాన్ని నిరాకరించి ఉంది. పత్రికలు సీతాదేవిని 'భారతదేశపు వాలిస్ సింప్సన్' అనడం అక్కణ్ణుంచే.

1946లో దంపతులు మాంటి కార్లోలో భవనం కొన్నారు. బరోడా ఖజానా నగలు అనేకం ఆమె వెంట సముద్రం దాటాయి. 1951లో భారత ప్రభుత్వం ప్రతాప్ సింగ్‌ను మహారాజ పదవి నుంచి తొలగించింది. 1956లో ఈ జంట విడిపోయింది. పచ్చలు, వజ్రాలు పొదిగిన తన కాలి పట్టీలను సీతాదేవి 1953లో నగల వర్తకుడు హ్యారీ విన్‌స్టన్‌కు అమ్మితే, వాటితో చేసిన కంఠహారం విండ్సర్ డచెస్ మెడకు చేరింది. 1957లో న్యూయార్క్ విందులో ఆ హారం చూసి, అవి నా కాళ్ళ మీద కూడా అంత బాగానే ఉండేవని సీతాదేవి అన్నదట. డచెస్ ఆ నగను తిరిగి ఇచ్చేసిందని చెబుతారు.

నగల మెరుపులో ఆమె కథలోని అసలు విషయం మరుగున పడుతుంది. 1943లో ఒక తెలుగు జమీందారు ఇంటి ఆడపిల్ల పెళ్ళి నుంచి బయటపడడానికి మతం మారడం తప్ప మార్గం లేదు. అదే కాలంలో ఆ ఇళ్ళ మగవారు ఒక భార్య ఉండగా మరో భార్యను తెచ్చుకోవడానికి ఏ కోర్టు గడపా తొక్కనక్కరలేదు. మద్రాసు రాష్ట్రంలో 1949లో బహుభార్యాత్వ నిషేధ, విడాకుల చట్టం, దేశమంతటికీ 1955లో హిందూ వివాహ చట్టం వచ్చాయి. పుత్రుణ్ణి 1985లో పోగొట్టుకున్న సీతాదేవి 1989లో ప్యారిస్‌లో కన్నుమూసింది.

నీస్‌లో నిజాం కొడుకుల పెళ్ళి

సీతాదేవి కంటె పుష్కరం ముందే ఫ్రాన్స్ తీరంలో మరో పెళ్ళి జరిగింది. 1931 నవంబరు 12న నీస్ నగరంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇద్దరు కొడుకులు ఒట్టోమన్ రాజకుమార్తెలను నిఖా చేసుకున్నారు. పెద్దవాడు ఆజం జా వధువు దుర్రె షెహ్వార్. ఆమె తండ్రి అబ్దుల్ మజీద్ చివరి ఖలీఫా. 1924 మార్చిలో టర్కీ ఖిలాఫత్‌ను రద్దు చేసి ఆయనను దేశం నుంచి పంపేస్తే నీస్‌లో తలదాచుకున్నాడు. నిజాం ఆయనకు నెలకు 300 పౌండ్ల పింఛను పంపేవాడు. చిన్నవాడు మొజ్జం జా వధువు అదే వంశానికి చెందిన నీలోఫర్. సంబంధం కుదర్చడంలో ఖిలాఫత్ నాయకుడు షౌకత్ అలీ మధ్యవర్తి.

ఒకవైపు రాజ్యం పోయి పేరు మిగిలిన వంశం. మరొకవైపు లోకంలోనే అత్యంత ధనవంతుడన్న పేరున్నా బ్రిటిష్ రెసిడెంటు మాట దాటలేని నవాబు. ఒకరికి బతుకుదెరువు, ఒకరికి ఇస్లామిక్ ప్రపంచంలో ప్రతిష్ఠ కావాలి. ఈ వియ్యంతో ఖలీఫా స్థానం హైదరాబాదుకు చేరుతుందేమోనని బ్రిటిష్ అధికారులు శంకించారు.

కోడళ్ళు ఇద్దరూ పరదా దాటి నగర జీవితంలోకి వచ్చారు. దుర్రె షెహ్వార్ పురానీ హవేలీలో ఆసుపత్రికి కారకురాలైంది. పిల్లలు కలగని నీలోఫర్, తన దాసి ఒకరు కాన్పులో మరణించడంతో కలతపడి తల్లీబిడ్డల వైద్యం కోసం పాటుపడింది. నేటి నీలోఫర్ ఆసుపత్రి ఆమె పేరు మీదే నడుస్తోంది. కాపురాలు మాత్రం నిలవలేదు. మొజ్జం జాతో నీలోఫర్ బంధం 1952లో విడాకులతో ముగిసింది. దుర్రె షెహ్వార్, ఆజం జా కూడా దూరమయ్యారు.

ఆ దూరం వారసత్వంలోనూ కనిపించింది. నిజాం తన పెద్ద కొడుకు ఆజం జాను పక్కనబెట్టి, నీస్‌లో 1933లో పుట్టిన మనుమడు ముకర్రం జాను వారసుణ్ణి చేశాడు. 1967 ఫిబ్రవరి 24న నిజాం మరణించాక ఏప్రిల్‌లో చౌమహల్లాలో ముకర్రం జాకు పట్టాభిషేకం జరిగింది. బతికి ఉన్న తండ్రిని దాటి కొడుకు గద్దె ఎక్కాడు. 1971లో రాజ్యాంగ సవరణతో రాజభరణాలే పోయాయి. పన్నులు, దావాలు, వేల సంఖ్యలో ఆధారపడ్డవారి మధ్య విసిగిన ముకర్రం జా ఆస్ట్రేలియాలో గొర్రెల క్షేత్రం కొని వెళ్ళిపోయాడు. వరుసగా ఐదు పెళ్ళిళ్ళు చేసుకున్నాడు. మొదటి భార్య, టర్కీ వనిత ఎస్రా, విడాకుల తరువాత చాలా ఏళ్ళకు తిరిగివచ్చి శిథిలమవుతున్న చౌమహల్లాను బాగు చేయించింది. 2010లో ఆ పనికి యునెస్కో వారసత్వ పురస్కారం దక్కింది. ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణించగా హైదరాబాదులోని మక్కా మసీదులో ఖననం చేశారు.

పూసపాటి వారి ఉత్తరాది వియ్యాలు

పందొమ్మిదో శతాబ్దంలో విజయనగరం రాజులు తమ సంబంధాలను తెలుగు నేల దాటించారు. మూడో విజయరామ గజపతి కాశీలో చాలాకాలం గడిపాడు. కుమార్తె అప్పల కొండయాంబను మధ్య భారతంలోని రీవా మహారాజుకు ఇచ్చాడు. రాజపుత్ర గృహాలతో వియ్యం పూసపాటి వారికి గౌరవం. ఇరవయ్యో శతాబ్దంలో మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు, క్రికెట్ లోకం 'విజ్జీ' అని పిలిచిన ఆయన, ఉత్తరాదిలోని కాశీపూర్ ఆడపడుచును చేసుకున్నాడు.

రీవా రాణి కథ పెళ్ళితో ముగియలేదు. సోదరుడు ఆనంద గజపతి 1897లో సంతానం లేకుండా మరణించాడు. ఆయన తల్లి ఒక బాలుణ్ణి దత్తత తీసుకుంది. ఆ దత్తత చెల్లదని దాయాదులు కోర్టుకెక్కారు. ఏళ్ళ తరబడి సాగిన ఆ వ్యాజ్యంలో కాగితాలు వెతికి, సాక్ష్యాలు కూర్చి సంస్థానం తరఫున పనిచేసినవాడు గురజాడ అప్పారావు. ఆయన రీవా రాణికి కార్యదర్శి. మహాకవి నడివయసులో పెద్ద భాగం ఒక దత్తత దావా మింగేసింది.

ఆనంద గజపతి మరణించిన ఏడాదే అచ్చయిన గురజాడ నాటకం 'కన్యాశుల్కం' పీఠికలో ఒక లెక్క ఉంది. ఆనంద గజపతి ఆజ్ఞపై విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాలను లెక్కిస్తే 1,034 తేలాయి. వధువుల్లో 99 మందికి ఐదేళ్ళు, ముగ్గురికి ఒక్క ఏడాదే. తన ప్రజల ఇళ్ళలోని పెళ్ళిళ్ళ బాధ తెలుసుకోవాలని ఒక రాజు ఇలా పూనుకోవడం ఆ కాలానికి పెద్ద విషయం.

దత్తపుత్రుడు నాలుగో విజయరామ గజపతి 1922లో మరణించగా పెద్ద కొడుకు అలక నారాయణ గజపతి గద్దెకు వచ్చాడు. చిన్న కొడుకు విజ్జీ కాశీలోని కుటుంబ ఆస్తుల వైపు వెళ్ళి, 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు నాయకుడయ్యాడు. 1960లో, 1962లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. రాజ్యం దక్కని రెండో కొడుకు తనకో రంగం వెతుక్కున్న తీరుకు ఆయన జీవితం ఒక ఉదాహరణ.

ఎస్టేట్ల రద్దు తరువాత

1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీ పోయింది. పెళ్ళి, దత్తతల చుట్టూ అల్లుకున్న తగవులకు మూలధనమే పోయింది. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి సొంత ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా చోటిచ్చింది. 1985లో ఆంధ్రప్రదేశ్ ఒక అడుగు ముందుకేసి, ఉమ్మడి ఆస్తిలోనూ ఆడపిల్లకు పుట్టుకతో హక్కు కల్పించింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది.

కొన్ని ఇళ్ళ కోడళ్ళు కొత్త కాలానికి త్వరగా అలవాటుపడ్డారు. హైదరాబాదు రాజ్యంలో ఉన్నత పదవులు చేపట్టిన పింగళి వెంకట్రామారెడ్డి కుమార్తె కుముదినీ దేవి వనపర్తి సంస్థానానికి కోడలైంది. 1962లో హైదరాబాదు నగర మేయరయింది. కుష్ఠు రోగుల కోసం శివానంద పునరావాస గృహాన్ని నిలబెట్టి, 2009లో మరణించే దాకా వారి మధ్య పనిచేసింది.

సింహాచలం ధర్మకర్త పీఠం

ఎస్టేటు పోయినా ఒకటి పోలేదు. సింహాచలం వరాహ లక్ష్మీనృసింహస్వామి ఆలయానికి పూసపాటి వారు వంశపారంపర్య ధర్మకర్తలు. గోపాలపట్నంలో రైలు దిగేవారికి స్టేషను బోర్డు మీద కనిపించేది సింహాచలం పేరే. కొండ చుట్టూ ఉన్న అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం గ్రామాల భూములపై ఆలయానికీ నివాసులకూ మధ్య వివాదం దశాబ్దాలుగా నలుగుతోంది. కాబట్టి ధర్మకర్త ఎవరన్నది ఇక్కడి సామాన్య ఇళ్ళకూ పట్టే విషయం.

అలక నారాయణ గజపతి కుమారుడు పి.వి.జి.రాజు సోషలిస్టు. 1958లో తండ్రి పేరిట మాన్సాస్ ట్రస్టు పెట్టి విజయనగరం కోటను చదువులకు ఇచ్చేశాడు. 1995లో ఆయన మరణించాక పెద్ద కుమారుడు ఆనంద గజపతిరాజు, 2016లో ఆయన కూడా పోయాక తమ్ముడు అశోక్ గజపతిరాజు అధ్యక్షులయ్యారు. ఆనంద గజపతి తొలి వివాహం ఉమతో జరిగింది. విడాకులతో ముగిసింది. ఉమా గజపతిరాజు 1989లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైంది.

వారి కుమార్తె సంచయితను 2020 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం మాన్సాస్‌కు, సింహాచలం ఆలయ ట్రస్టు బోర్డుకు అధ్యక్షురాలిగా నియమించింది. బాబాయి స్థానంలోకి అన్న కూతురు వచ్చింది. తండ్రికి పెద్ద సంతానాన్ని కాబట్టి తనకూ హక్కుందని ఆమె వాదన. వంశంలో పెద్ద మగవారికే పీఠమన్నది ట్రస్టు నియమమని అశోక్ వాదన. కూతురికి పుట్టుకతో హక్కు ఇచ్చిన తొలి రాష్ట్రాల్లో ఒకటైన చోట, ట్రస్టు పత్రంలోని మాట, కుటుంబంలోని చీలిక, రాష్ట్ర రాజకీయం మూడూ ఆ వ్యాజ్యంలో కలిశాయి. 2021 జూన్ 14న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రభుత్వ ఉత్తర్వులను కొట్టివేసి అశోక్ గజపతిరాజును తిరిగి నిలిపింది. 2025 జులైలో ఆయన గోవా గవర్నరయ్యారు.

ఏటా వైశాఖ శుద్ధ తదియ నాడు చందనం ఒలిచి స్వామి నిజరూపం చూపే చందనోత్సవంలో తొలి దర్శనం ధర్మకర్త కుటుంబానిది. తెల్లవారకముందే వారు లోపలికి వెళ్ళి వస్తారు. ఆ తరువాత గోపాలపట్నం వైపు నుంచీ అడవివరం వైపు నుంచీ వచ్చి రాత్రంతా క్యూలో నిలబడ్డ జనం కదులుతారు.